తప్పు ప్రశ్నది, సున్నా పిల్లది

నాలుగో తరగతి లెక్కల పేపర్లో వచ్చిన ప్రశ్న ఇది. "రాము తన ముగ్గురు స్నేహితులతో 12 జామకాయలు సమానంగా పంచుకున్నాడు. ఒక్కొక్కరికి ఎన్ని వచ్చాయి?" మా కువి పిల్ల 3 అని రాసింది. పైనుంచి వచ్చిన జవాబుల పట్టికలో 4 అని ఉంది. పట్టిక చూసి నేనే ఎర్ర సిరాతో ఇంటు పెట్టాను. పిల్ల నా బల్ల దగ్గరకొచ్చి, "మాస్టారూ, మరి రాము తినడా?" అని అడిగింది.

నా దగ్గర జవాబు లేదు. 'ముగ్గురికి పంచాడు' అని రాయాల్సిన చోట 'ముగ్గురితో పంచుకున్నాడు' అని రాశారు. పంచుకున్నవాడికీ వాటా ఉంటుంది. వేట మాంసం వాటాలు వేయడం చూసిన మా పిల్లలకు ఆ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. ఇంట్లో తెలుగు మాట్లాడని పిల్ల తెలుగు వాక్యాన్ని సరిగ్గా చదివింది. పట్టిక రాసినవారు చదవలేదు. అయినా సున్నా ఎవరికి పడింది?

ఏజెన్సీ పిల్లలకు లెక్కలు రావని తేలిగ్గా అనేస్తారు. శుక్రవారం అరకు సంతకు రండి. కిలో 80 చొప్పున మూడున్నర కిలోల రాజ్‌మాకు 280 అని, కాగితం ముట్టకుండా చెప్పే పిల్లలు కనిపిస్తారు. అదే పిల్లలు బడిలో 'లెక్క చేసిన విధానం రాయలేదు' అని మార్కులు పోగొట్టుకుంటారు.

"ఇలా ప్రతి జవాబునూ ఒప్పుకుంటే దిద్దడం ఎలా?" అంటారు కొందరు. ప్రతి జవాబునూ ఒప్పుకోమనడం లేదు. ఆ పిల్ల 5 అని రాసి ఉంటే నేనూ ఇంటే పెడతాను. జాలి మార్కులు మాకొద్దు. ప్రశ్నకు సరిపోయే జవాబుకు న్యాయమైన మార్కు కావాలి.

ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే సదుపాయం కల్పించాలని రాజ్యాంగం 350ఎ అధికరణం అంటోంది. వీలైనంత వరకు మాతృభాషలోనే బోధించాలని 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ అంటోంది. కువి, కొండ, ఆదివాసీ ఒరియా సహా ఎనిమిది భాషల్లో బహుభాషా విద్య మన రాష్ట్రంలో 2004లోనే మొదలైంది. షెడ్యూల్డు ప్రాంతాల టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇచ్చిన జీవో 3ను 2020లో సుప్రీంకోర్టు కొట్టేసింది. పిల్ల మాట తెలిసిన మాస్టారు బడిలో లేకపోతే 'రాము తినడా' అన్న ప్రశ్న ఎవరికి వినబడుతుంది?

అడిగేది మూడే. ప్రశ్నపత్రం అచ్చుకు వెళ్లేముందు కొండ బడి టీచర్లకు చూపించండి. పట్టికలో లేని జవాబు వస్తే, ఎలా వచ్చిందో పిల్లను అడిగి మార్కు వేసే అధికారం టీచరుకు ఇవ్వండి. ప్రశ్న తప్పయితే ఒప్పుకుని, ఆ మార్కు పిల్లలకు తిరిగివ్వండి.

నేను ఆ ఇంటు కొట్టేసి మార్కు వేశాను. పట్టికను కాదన్నందుకు సంజాయిషీ అడిగారు. ఇదే నా సంజాయిషీ.