తాత్కాలిక పందిరి

తాడిపత్రి అనగానే అనంతపురం జిల్లాలో ఊరు గుర్తొస్తే మీరు నాలాంటి వాళ్ళే. మా చిన్నాయనకి మాత్రం తాడిపత్రి అంటే టార్పాలిన్ పట్ట. ఎండకీ వానకీ కాయల మీద కప్పేది. గత ఏడాది వేసవి దాకా నేను దాన్ని ఓ వస్తువు కిందే లెక్కెయ్యలేదు. కొనుక్కొచ్చి నాలుగు కట్టెలకి కట్టేస్తే అయిపోయే పని, దీనికి ఇంజనీరింగ్ డిగ్రీ దేనికి అనుకునేవాణ్ణి. నిజమే, డిగ్రీ అక్కర్లేదు. కానీ డిగ్రీ ఉన్నవాడు కడితే పందిరి కూలదన్న గ్యారంటీ కూడా లేదు :)

సంగతేంటంటే, మా చిన్నాయన మామిడి సీజన్ లో బాటసింగారం దగ్గర విజయవాడ హైవే పక్కన ఓ ఖాళీ జాగా అద్దెకి తీసుకుని బంగినపల్లి అమ్ముతాడు. ఏప్రిల్ నుంచి జూన్ దాకా, అంతే. పోయినసారి సాయానికి మనిషి దొరక్క నన్ను రమ్మన్నాడు. జాగా ఎంత అని ఫోన్ లో అడిగితే "ఇరవై నాలుగు బై పద్దెనిమిది" అన్నాడు. నేను దిల్‌సుఖ్‌నగర్ నుంచి వస్తూ దారిలో సరిగ్గా 24 బై 18 అడుగుల పట్ట కొని పట్టుకెళ్ళాను. రిక్వైర్‌మెంట్ ఎంతో డెలివరీ అంత. ఇంకేం కావాలి?

మొదటి తప్పు అక్కడే. నేల 24 బై 18 అయితే పట్ట కూడా అంతే ఉంటే సరిపోదు. అంచులు మడిచి కుట్టడంలో మా పట్ట ఇంచుమించు అరడుగు తగ్గింది. వాలు కోసం ముందు గుంజలు పదడుగులు, వెనక గుంజలు ఏడడుగులు పెడితే ఆ ఏటవాలుకి మరో మూడంగుళాలు పోయింది. అన్నిటికీ మించి, చూరు అనేదే లేదు. మధ్యాహ్నం మూడింటికి పడమటి ఎండ సూటిగా బుట్టల మీద పడుతోంది. నీడ ఉంది, కానీ అది పక్కవాడి జాగాలో ఉంది.

రెండో తప్పు, గుంజలు పాతడం. కంటితో చూసి పాతేశాం. పట్ట కడితే ఒక మూల బిర్రుగా, ఇంకో మూల వదులుగా వచ్చింది. ఎంత లాగినా అంతే. చివరికి టేపు పట్టి కర్ణాలు కొలిస్తే ఒకటి 31 అడుగులు, ఇంకోటి 29. అంటే మేము కట్టింది దీర్ఘచతురస్రం కాదు. 18, 24 భుజాలైతే కర్ణం సరిగ్గా 30 రావాలి. మేస్త్రీలు మూలమట్టం చూసుకునే 3-4-5 లెక్కే, ఆరు రెట్లు పెంచి. ఎనిమిదో తరగతిలో నేర్చుకున్నది. కానీ గుంజలన్నీ పాతేశాం కదా, "రెండు నెలలకేగా, పోనీ తియ్యి" అన్నాడు చిన్నాయన. నేనూ సరేనన్నాను. అది మూడో తప్పు, మిగతా రెండిటికన్నా పెద్దది.

వదులుగా ఉన్న మూలలో మొదటి వానకి నీళ్ళు నిలిచాయి. పదడుగులు బై పదడుగుల మేర ఒక్క అంగుళం నీళ్ళు నిలిస్తే దాని బరువు 236 కిలోలు. ముగ్గురు మనుషులు పందిరెక్కి కూర్చున్నట్టు. కర్రతో కింద నుంచి పొడిచి నీళ్ళు దింపాం. వారం తర్వాత ఓ సాయంత్రం ఈదురుగాలి వచ్చింది. రింగులు పటపటా తెగాయి, ఓ గుంజ పెకలించుకుని వచ్చి బుట్టల మీద పడింది. ఐదు నిమిషాల ముందు అక్కడే ఓ పిల్లాడు నిలబడి కాయలు ఏరుకుంటున్నాడు. వాళ్ళమ్మ పిలిస్తే బండెక్కి వెళ్ళిపోయాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

తర్వాత కూర్చుని లెక్కేశాను. గంటకి 60 కిలోమీటర్ల గాలి అంటే చదరపు మీటరుకి దాదాపు 17 కిలోల ఒత్తిడి. మా పట్ట 40 చదరపు మీటర్లు. అంటే 680 కిలోలు. పందిరి ఆకారాన్ని బట్టి ఇది మారుతుంది, కానీ సగమే అనుకున్నా అడుగున్నర లోతు పాతిన గుంజలు ఆగవు. పైగా గాలి వేగం రెట్టింపైతే బలం నాలుగింతలవుతుంది. కట్టే ముందు వెయ్యాల్సిన లెక్క కూలాక వేశాను. మన వృత్తిలో దీన్ని పోస్ట్ మార్టెమ్ అంటారు, అది కూడా గొప్పగా.

ఇది మా ఒక్కళ్ళ కథే అయితే ఇంత రాసేవాణ్ణి కాదు. 2020లో కోవిడ్ వల్ల రద్దీ తగ్గించాలని గడ్డిఅన్నారం మార్కెట్ నుంచి మామిడి వ్యాపారాన్ని తాత్కాలికంగా కొహెడకి మార్చారు. అక్కడ తాత్కాలిక షెడ్లు వేశారు. మే మొదటి వారంలో ఈదురుగాలి, వాన వచ్చి ఆ షెడ్లు కూలాయి, పలువురు గాయపడ్డారు. వేసవిలో సాయంత్రాలు ఇలాంటి గాలులు రావడం మనకి కొత్త కాదు. మామిడి వచ్చేదీ, గాలి వచ్చేదీ ఒకే నెలల్లో. ఆ షెడ్డు ఉండేది ఆ రెండు నెలలే కావచ్చు, కానీ గాలి వచ్చేది కూడా సరిగ్గా ఆ రెండు నెలల్లోనే కదా!

ఆ తర్వాత 2021లో గడ్డిఅన్నారం మార్కెట్ ని బాటసింగారం లాజిస్టిక్ పార్కుకి మార్చారు. ఇదీ తాత్కాలికమే అన్నారు. కొహెడలో 178 ఎకరాల్లో శాశ్వత మార్కెట్ అన్నారు. 2024 మామిడి సీజన్ కూడా బాటసింగారంలోనే జరిగింది. 'టెంపరరీ ఫిక్స్' అని కామెంట్ పెట్టి ప్రొడక్షన్ లోకి పంపిన కోడ్ ఎన్నేళ్ళు బతుకుతుందో మనకి వేరే చెప్పక్కర్లేదు.

నా వాదన ఒక్కటే. జాగా తాత్కాలికం కావచ్చు, పట్ట తాత్కాలికం కావచ్చు. పట్టుకొమ్మ మాత్రం శాశ్వతంగా ఉండాలి. నేలలో ఆరు చోట్ల ఇనుప గొట్టాలు కాంక్రీటుతో పాతి, నేల మట్టానికి మూత పెడితే చాలు. సీజన్ వచ్చినప్పుడు మూత తీసి గుంజ దింపుకోవడం, అయ్యాక మూత పెట్టెయ్యడం. ఎవడొచ్చినా అదే కొలత, కర్ణాలు కూడా అప్పుడే సరిచూసి ఉంటాయి. ఒక్కసారి చేస్తే ఏటేటా పనికొస్తుంది.

మరి ఎందుకు చెయ్యరు? జాగా ఓనరుని అడిగాను. "ఇయ్యాల గొట్టాలు పాతనిస్తే రేపు జాగా నాదే అంటరు" అన్నాడు. తీసిపారేసే మాట కాదు. ఈ హైవే పక్కన భూముల ధర తెలిసిన వాడెవడైనా అలాగే భయపడతాడు. చిన్నాయనేమో "పరాయి జాగాల నా పైసలెందుకు పెట్టాలె" అంటాడు. అదీ న్యాయమే. ఇద్దరి న్యాయాల మధ్యా గుంజ అడుగున్నర లోతులోనే ఉండిపోతుంది. గొట్టాలు ఓనరే పాతించి, ఆ ఖర్చు అద్దెలో కొంచెం కొంచెంగా కలుపుకుంటే, అవి అతని ఆస్తే అని కాగితం మీద రాసుకుంటే ఇద్దరి భయమూ తీరుతుంది. ఇంకా ఒప్పుకోలేదు. ఈ సీజన్ లోపు మళ్ళీ అడుగుతా.

ఈలోగా మేం చేసింది చెప్తా. 200 లీటర్ల డ్రమ్ములు ఆరు తెచ్చి నీళ్ళు నింపి గుంజలకి కట్టాం. ఒక్కోటి 200 కిలోలు, నేలకి ఒక్క చిల్లు లేదు. ఒకే పెద్ద పట్ట బదులు రెండు ముక్కలు కుట్టించాం. చూరు కలుపుకునే కొలిచాం. ఎత్తువైపు ముక్క పల్లంవైపు ముక్క మీదకి రెండడుగులు వచ్చేలా, మధ్యలో గాలి పోయేలా సందు వదిలి కట్టాం. మార్కెట్ లో హమాలీ చేసే ఓ పెద్దాయన వచ్చి మా ముళ్ళన్నీ విప్పించి, తాడుకీ రింగుకీ మధ్య సైకిల్ ట్యూబు ముక్కలు వేయించాడు. గాలికి ట్యూబు సాగుతుంది, రింగు తెగదు. మరీ పెద్ద గాలొస్తే ముందు ట్యూబు తెగి పట్ట లేచిపోతుంది. "పట్ట పోతే పోనీ బిడ్డా, గుంజ పడొద్దు" అన్నాడు. ఏది ముందు తెగాలో ముందే నిర్ణయించుకోవడం. మనం పెద్ద పెద్ద డిజైన్ రివ్యూల్లో మాట్లాడుకునే విషయం, ఆయన ఒక్క ముక్కలో చెప్పేశాడు.

మబ్బు పట్టి గాలి మొదలైతే మాత్రం ఈ లెక్కలేవీ నమ్మం. బేరం మధ్యలో ఉన్నా సరే, కొనేవాళ్ళని బయటికి పంపి పట్ట దింపేస్తాం. ఓ పావుగంట అమ్మకం పోతుంది. పోనివ్వండి.

ఇక మీదట మీరు రోడ్డు పక్కన ఎక్కడైనా మామిడికాయలకి ఆగితే కాయ నొక్కి చూసే ముందు ఒక్కసారి తలెత్తి పందిరి వంక, తల దించి గుంజ మొదలు వంక చూడండి. ఊగుతుంటే అమ్మేవాళ్ళకి చెప్పండి. వాళ్ళు మీకన్నా ఎక్కువసేపు దాని కిందే ఉంటారు.