పడిన చెట్టు ఎవరిది?

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. గంటకు 180 కిలోమీటర్ల దాకా వేగంతో వీచిన గాలికి రోడ్ల వెంట చెట్లు వేళ్లతో సహా లేచిపోయాయి. కరెంటు పోయింది. మంచినీళ్లు లేవు. దారులు మూసుకుపోయి గ్యాసు బండ్లు రాలేదు. మూడోనాడు బియ్యం, బట్టలు పట్టుకుని మేం కొందరం రోడ్డువార ఉన్న ఒక ఊరికి బయల్దేరాం. ఆ రోజు చూసింది ఇన్నేళ్లయినా నా మనసులోంచి పోలేదు. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటి, రోడ్లకడ్డంగా మళ్లీ చెట్లు కూలినప్పుడు అదంతా తిరిగి కళ్ల ముందుకొచ్చింది.

ఊరి మొదట్లో పెద్ద నిద్రగన్నేరు చెట్టు రోడ్డుకడ్డంగా పడి ఉంది. పదిపన్నెండు మంది ఆడవాళ్లు కత్తులతో, గొడ్డళ్లతో కొమ్మలు నరుకుతున్నారు. కొమ్మల్లో చిక్కుకున్న కరెంటు తీగల్ని కర్రలతో పక్కకు నెడుతున్నారు. వాటిలో కరెంటు ఉందో లేదో చెప్పే నాథుడు లేడు. మధ్యాహ్నానికి ఆటో పట్టేంత దారి అయింది. మా బియ్యం బస్తాలు ఊళ్లోకి వెళ్లింది ఆ దారినే. నరికిన కొమ్మల్ని వాళ్లు మోపులు కట్టి ఇళ్ల ముందు వేసుకున్నారు. పచ్చికట్టె, పైగా వానకు నానింది. ఎండితే గాని మండదు. అయినా సన్న పుల్లలు ఏరి, ఊదీ ఊదీ, పొగలో కళ్లు తుడుచుకుంటూ ఆ రాత్రి గంజి కాచారు.

రెండ్రోజుల తర్వాత జీపు వచ్చింది. దారి చెయ్యడానికి రాని జీపు మోపుల కోసం వచ్చింది. ఇది ప్రభుత్వ ఆస్తి, వేలం వెయ్యాలి అంటూ మోపులు దింపించి, కత్తులు లాక్కున్నారు. ఒక ముసలమ్మ, "చెట్టుని మేం పడగొట్టీసామా బాబూ? గాలి పడగొట్టింది. ఆ గాలి మీద ఎట్టండి కేసు" అంది. అందరం నవ్వాం. జీపులో మనిషీ నవ్వాడు. కత్తులు మాత్రం ఇవ్వలేదు. ఆ తర్వాత మొద్దులు లారీలెక్కి వెళ్లిపోయాయి. లారీవాళ్లను కాగితం అడిగిన వాళ్లెవరూ లేరు. ఆడవాళ్ల దగ్గర గుంజుకున్న కొమ్మలు రోడ్డువారనే కుళ్లిపోయాయి.

నన్ను ఇప్పటికీ వేధించే ప్రశ్న ఇదే. అదే చెట్టు దారికి అడ్డంగా ఉన్నంతసేపూ చెత్త. ఆడదాని నెత్తి మీదికి ఎక్కగానే ఆస్తి ఎలా అయింది?

ఈ ప్రశ్న కొత్తదేం కాదు. జర్మనీలోని రైన్ ప్రాంతపు ప్రతినిధుల సభ, అడవిలో రాలిన పుల్లలు ఏరుకోవడాన్ని కూడా దొంగతనంగా లెక్కగట్టాలని చర్చించింది. అప్పటికింకా యువకుడైన మార్క్స్ 1842లో పత్రికలో వరసగా రాసి ఆ చర్చను తూర్పారబట్టాడు. చెట్టు నుంచి విడిపోయిన పుల్ల మీద పేదలకు వాడుక వల్ల వచ్చిన హక్కు ఉందన్నది ఆయన వాదన. మన దేశంలో 2006 నాటి అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఉత్పత్తుల్లో పొదల కట్టెనూ, మొదళ్లనూ చేర్చి, వాటి మీద అడవిలో బతికేవాళ్ల హక్కును గుర్తించింది. ఎన్నో పోరాటాలు చేస్తే వచ్చిన గుర్తింపు అది. కానీ అడవి లేని ఊళ్లో, సెంటు భూమి లేని ఆడమనిషికి మిగిలిన అడవి రోడ్డుపక్క చెట్ల వరసే. అక్కడ మాత్రం ఆమె ఇప్పటికీ దొంగే.

గ్యాసు వచ్చాక ఇంకా ఈ కట్టెల గొడవేమిటని మనలోనే కొందరు అడుగుతారు. నేనూ ఒకప్పుడు అలాగే అనుకున్నాను. పొగ ఆడవాళ్ల ఊపిరితిత్తుల్ని తినేస్తుందని సభల్లో మాట్లాడి, పొయ్యిలో కట్టె కోసం అర్జీ పెట్టడానికి మొహమాటపడ్డాను. గ్యాసు కావాల్సిందే. అందులో రెండో మాట లేదు. 1999లో దీపం, 2016లో ఉజ్వల పథకాలు కనెక్షన్లు ఇచ్చాయి. 2024లో ఆంధ్రప్రదేశ్‌లో ఏడాదికి 3 సిలిండర్లు ఉచితంగా ఇచ్చే పథకం మొదలైంది. అయినా 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలోని గ్రామీణ కుటుంబాల్లో వంటకు ప్రధానంగా శుభ్రమైన ఇంధనం వాడుతున్నవి 43 శాతమే. కనెక్షన్ ఉన్న ఇంట్లో కూడా సిలిండరు టీకీ, చుట్టాలు వస్తేనూ. వేణ్ణీళ్లకూ, అన్నానికీ కట్టెల పొయ్యే. తుపాను వస్తే ఆ సిలిండరూ అందదు. రేపు పొగలేని వంటిల్లు కావాలని పోరాడే మనం, ఇవాళ్టి పొయ్యి ఎలా వెలగాలో పట్టించుకోకపోతే ఎలా?

హక్కు ఇస్తే నిలబడి ఉన్న చెట్లను కూడా నరికేస్తారని అధికారుల భయం. మెషిన్ రంపం, లారీ, కొనేవాడు ఉన్నవాళ్లు చెట్లు నరుకుతారు. చేతికత్తి, నెత్తిన చుట్టకుదురు ఉన్న ఆడమనిషి ఎండుపుల్లలే ఏరుకుంటుంది. పచ్చిమాను కూల్చడం ఆమెకు చేతనయ్యే పని కాదు, మోయగలిగే బరువూ కాదు. పైగా వచ్చే ఏడు కూడా ఆమెకు ఆ చెట్టు కావాలి.

అందుకే మనం అడగాల్సింది దయ కాదు, రాతపూర్వకమైన నియమం. గాలికి పడిన రోడ్డుపక్క చెట్ల మొద్దుల్ని ప్రభుత్వం వేలం వేసుకోవచ్చు. కొమ్మలు, రెమ్మలు, వేళ్లు ఆ ఊరి ఆడవాళ్లకు ఉచితంగా దక్కాలి. ఒంటరి స్త్రీలకు, ముసలివాళ్లకు మొదటి వంతు ఉండాలి. ఎవరికెంత అన్నది గ్రామసభలో అందరి ముందూ తేలాలి. తీగల్లో కరెంటు ఆపామని సిబ్బంది వచ్చి చెప్పేదాకా ఎవరూ చెట్టు మీద చెయ్యి వెయ్యాల్సిన అగత్యం రాకూడదు. దారి తీసినవాళ్లకు కూలి ఇవ్వాలి. ఏ పరిస్థితిలోనూ ఆడవాళ్ల పనిముట్లు గుంజుకోకూడదు.

తుపాను వచ్చాక అర్జీ పెడితే ఆలస్యమైపోతుంది. అది రాకముందే మీ మీ ఊళ్ల గ్రామసభల్లో ఈ తీర్మానం పెట్టించండి. మండలాఫీసుకు వెళ్లేటప్పుడు మోపులు మోసే ఆడవాళ్లనే ముందు నిలబెట్టండి. వాళ్ల మాట మన ఉపన్యాసాల కంటే పదునుగా ఉంటుంది. ఆ ముసలమ్మ అడిగిన ప్రశ్నకు జీపులో మనిషి దగ్గర జవాబు లేదు. లాక్కున్న కత్తులు మాత్రం ఉన్నాయి. ఆ కత్తులు తిరిగి ఇప్పించే పని మనది.