పొయ్యి ఎక్కని పులుసు

సూపంటే మరిగించాల్సిందేనా? కొలంబియా రాజధాని బొగొటాలో కోడిమాంసం, మూడు రకాల ఆలుగడ్డలు, మొక్కజొన్న కండెలతో ‘అహియాకో’ను పొగలు కక్కుతుండగానే తాగుతారు. 2,600 మీటర్ల ఎత్తున్న చలి ఊరు మరి! మా పాలమూరు ఎండలకు పచ్చిపులుసే దిక్కు.

కొత్త కాపురంలో దాన్నీ మరగబెట్టేశాను. జ్వరంతో నాలుగు రోజులుగా ముద్ద ముట్టని అత్తమ్మ, చుక్క అరచేతిలో వేసుకుని, "చారు మంచిగనే ఉంది బిడ్డా, పచ్చిపులుసేది?" అన్నారు. సిగ్గుతో చచ్చాననుకోండి!

మంచం మీంచి ఆమె చెబుతుంటే మళ్లీ చేశాను. చింతపండు చన్నీళ్లలో పిసికి, నిప్పుల మీద కాల్చిన పచ్చిమిర్చిని ఉప్పు, జీలకర్రతో నూరి కలిపి, ఉల్లిగడ్డ ముక్కలు చేత్తో నలిపి, వేయించిన నువ్వుల పొడి చెంచాడు, కాస్త బెల్లం వేశాను. చివర్లో తాలింపు. ఆ పూట పప్పన్నంలో పోసుకుని కంచం ఖాళీ చేశారు. నువ్వుల పొడి మాత్రం మానకండేం!