సిఫారసు లేఖ ఎవరిని అడగాలి?

పోయిన వారం రాత్రి నా హాస్టల్ గదికి ఒక జూనియర్ వచ్చింది. గుంటూరు వైపు అమ్మాయి, ఢిల్లీలో ఎల్ఎల్‌బీ చివరి ఏడాది చదువుతోంది. విదేశాల్లో ఎల్ఎల్ఎంకు దరఖాస్తు చేస్తోంది. "అక్కా, లెటర్లు ఎవరిని అడగమంటావ్?" అంటూ మూడు పేర్లున్న కాగితం చూపించింది. మొదటి పేరు, ఒక సెమినార్‌లో ఐదు నిమిషాలు పలకరించిన రిటైర్డ్ జడ్జిది. రెండోది, క్లాసులో ఆమె వాదనలు విని, సెమినార్ పేపర్‌కు మంచి మార్కులు వేసిన ప్రొఫెసర్‌ది. కొట్టేసి మళ్లీ రాసిన మూడో పేరు, ఆమె డిసర్టేషన్‌ను నాలుగుసార్లు దిద్దిన గెస్ట్ టీచర్‌ది.

ఆ కొట్టివేత నాకు అర్థమైంది. మన ఇళ్లలో సిఫారసు అంటే పైరవీ. ఎమ్మెల్యే లెటర్, పెద్దాయన ఫోన్. అది దొరకని వాళ్లం కాబట్టే, పెద్ద పేరు దొరికితే చాలనుకుంటాం.

ఇక్కడి ప్రవేశాలూ వేరే సంగతి నేర్పవు. ఢిల్లీ యూనివర్సిటీ ఎల్ఎల్‌బీకి సీయూఈటీ స్కోరు, ద్వారకాలోని జాతీయ న్యాయ విశ్వవిద్యాలయానికి ఐలెట్ ర్యాంకు చూస్తారు. అదే ఆక్స్‌ఫర్డ్ బీసీఎల్‌కు మూడు లేఖలు, కేంబ్రిడ్జ్ ఎల్ఎల్ఎంకు రెండు కావాలి. ఎస్సీ విద్యార్థులకు పెద్ద ఆసరా అయిన నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్‌కు ముందుగా అడ్మిషన్ ఆఫర్ చేతిలో ఉండాలి. అంటే లేఖ బలహీనపడితే స్కాలర్‌షిప్ దారీ మూసుకుపోవచ్చు.

బాబాసాహెబ్‌ను బరోడా మహారాజా శాయాజీరావు దగ్గరికి తీసుకెళ్లింది కృష్ణాజీ అర్జున్ కేలూస్కర్. ఆయన సంస్థానాధీశుడు కాడు, బొంబాయిలో ఒక ఉపాధ్యాయుడు. తోటలో కూర్చుని చదువుకునే ఆ కుర్రవాడిని స్వయంగా చూసినవాడు. తర్వాత లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ కోసం ఆయన్ని సిఫారసు చేసిన సెలిగ్మన్, కొలంబియాలో ఆయనకు పాఠం చెప్పిన గురువు. సెలిగ్మన్‌కు పెద్ద పేరుంది, నిజమే. కానీ ఇద్దరూ తాము చూసినదాన్నే చెప్పగలిగారు.

నేను ఆ తప్పు చేశాను. పేరున్న ఒక ఆచార్యుడిని అడిగితే "నువ్వే రాసుకురా, సంతకం పెడతాను" అన్నారు. రాసిచ్చాను. నా పరిశోధన గురించిన వాక్యాలు తీసేసి, "పేద కుటుంబం, వినయం, కష్టపడే స్వభావం" అని చేర్చారు. ఆయన అబద్ధం రాయలేదు. నా ఆలోచన గురించి మాత్రం ఒక్క మాటా లేదు. మన పిల్లల లేఖల్లో తెలివి ఉండాల్సిన చోట వినయం ఎందుకుంటోంది?

కాబట్టి అడగాల్సింది మన రాతను చదివినవాళ్లను. ఏ ప్రశ్న పట్టుకున్నాం, ఎక్కడ తడబడ్డాం, ఎలా సరిచేసుకున్నాం అని చెప్పగలిగినవాళ్లను. "నా పని గురించి గట్టిగా రాయగలరా?" అని సూటిగా అడగండి. తటపటాయిస్తే దండం పెట్టి వచ్చేయండి. ఒప్పుకుంటే నెల ముందే మీ పేపర్లు, మార్కులు, గడువు తేదీ ఇవ్వండి.

అయితే భారమంతా విద్యార్థి మీదే వేయడం న్యాయం కాదు. రిజర్వుడు పోస్టులు భర్తీ కాని చోట, మనల్ని శ్రద్ధగా చదివే టీచర్లు తరచూ గెస్టులుగానే మిగిలిపోతారు. విదేశీ యూనివర్సిటీలు లేఖ రాసేవారి అధికారిక ఈమెయిల్ అడుగుతాయి. కాంట్రాక్టు ముగిస్తే అదీ పోతుంది. గెస్ట్ టీచర్లకు ఆ ఈమెయిల్ ఇచ్చి కొనసాగించడం విభాగాల బాధ్యత.

జూనియర్ కాగితంలో గెస్ట్ టీచర్ పేరు పైకొచ్చింది, జడ్జి పేరు పోయింది. ఆ టీచర్‌కు అధికారిక ఈమెయిల్ లేదు. సోమవారం ఇద్దరం విభాగానికి వెళ్తున్నాం.