ఎ పక్కన బి ఎందుకు లేదు? తమ్ముడు అడిగింది సరైన ప్రశ్నే

పోస్టు కొంచెం పొడుగైంది. ఓపికతో చదవండి.

నేను జల్‌పల్లిలో రూమ్ తీసుకుని ఉంటున్న. దగ్గర్లోనే ఒక కంప్యూటర్ సెంటర్ ఉంది. ఇక్కడి నుంచి శంషాబాద్ ఎయిర్‌పోర్టు దాకా కార్గో ఆఫీసులు, గోదాములు, ట్రావెల్స్. ఎక్కడ పని అడగబోయినా మొదటి మాట "టైపింగ్ వస్తదా?" అనే. అందుకే శ్రీశైలం రోడ్డు పొంటి ఉన్న తండాల నుంచి వచ్చిన పిల్లలు సాయంత్రం అయితే ఆ సెంటర్‌ల కూర్చుంటరు. మొన్న ఇంటర్ అయిపోయి కొత్తగా వచ్చిన తమ్ముడొకడు కీబోర్డు దిక్కు చాలాసేపు చూసి, "సార్, ఎ పక్కన బి ఎందుకు లేదు?" అని అడిగిండు. గదంతా నవ్వింది. సార్ కూడా నవ్వి, "ముందు నేర్చుకో, తర్వాత అడుగు" అన్నడు. తమ్ముడు తల దించుకున్నడు. తెల్లారి రాలేదు.

ఆ నవ్వినోళ్లలో ఒక్కరికైనా జవాబు తెలుసా? నాకూ తెలియదు. ఆ రాత్రి కూర్చుని చదివిన. చదివినంక తెలిసింది ఏందంటే, తమ్ముడు అడిగిందే మొదటి టైపు మిషన్ చేసినోళ్లకు కూడా తోచింది.

అమెరికాలోని మిల్వాకీలో క్రిస్టఫర్ లేథమ్ షోల్స్ అనే పత్రికల మనిషి ఉండేవాడు. తోటివాళ్లతో కలిసి 1868లో టైపు మిషన్‌కు పేటెంటు తీసుకున్నాడు. మొదట్లో దాని కీలు పియానో మెట్ల లెక్క ఉండేవి, అక్షరాలు వరుసగానే ఉండేవి. తర్వాత కొన్నేళ్లు మార్చి మార్చి చూశారు. తుపాకులు, కుట్టు మిషన్లు చేసే రెమింగ్టన్ కంపెనీ 1874లో దాన్ని బజారులోకి తెచ్చేసరికి అక్షరాలు దాదాపు ఇప్పుడున్న చోట్లకు చేరాయి.

ఎందుకు మార్చారు? ఒక్కో అక్షరం ఒక్కో ఇనుప కడ్డీ మీద ఉండేది. పక్కపక్క కడ్డీలు వెంటవెంటనే లేస్తే ఒకదానికొకటి చిక్కుకునేవి. అందుకే మార్చారని ఎక్కువ మంది చెప్తారు. జపాన్‌లో ఇద్దరు పరిశోధకులు 2011లో ఇంకో మాట చెప్పారు: ఆ మిషన్‌ను ముందుగా వాడింది టెలిగ్రాఫ్ ఆపరేటర్లు, వాళ్ల చేతివాటం బట్టి అక్షరాలు జరిగాయి అని. "టైపిస్టుల వేగం తగ్గించడానికే ఇట్ల పెట్టిండ్రు" అనే కథ మనం తరచూ వింటం కానీ దానికి గట్టి ఆధారం లేదు. ఒక్కటి మాత్రం కళ్లముందే ఉంది. కీబోర్డు నడిమి వరుస చూడండి: డి, ఎఫ్, జి, హెచ్, జె, కె, ఎల్. నడుమ ఇ, ఐ లేవు అంతే. పాత వరుస గుర్తు ఇంకా అక్కడ మిగిలే ఉంది.

సరే, ఇప్పుడు ఇనుప కడ్డీలు లేవు కదా, వరుసగా పెడితే మనలాంటోళ్లకు సులువు కాదా? నేనూ అట్లనే అనుకున్న. 1982లో డొనాల్డ్ నార్మన్, డయాన్ ఫిషర్ అనే ఇద్దరు దీన్ని పరీక్షించి చూశారు. వరుసగా పెట్టిన కీబోర్డు కొత్తవాళ్లకు కూడా పెద్దగా కలిసిరాలేదు. ఆలోచిస్తే నిజమే అనిపిస్తది. 'ఎం' కావాలంటే అది ఏ వరుసలో తెగిందో, ఎన్నోదో లెక్క పెట్టుకోవాలి. అంతసేపట్లో కన్నే వెతుక్కుంటది. చివరికి నేర్చుకోవాల్సింది వేళ్లే. అందుకే ఆ తమ్ముడికి నేను చెప్పేది: అక్షరం వెంటనే దొరకకపోతే నీకు తెలివి తక్కువని కాదు. ఆ వరుస నీ కోసం పెట్టింది కాదు, నవ్వినోళ్ల కోసం పెట్టిందీ కాదు. నెల రోజులు కూర్చుంటే ఎవరి వేళ్లకైనా వస్తది.

కానీ నా అసలు మాట ఇది కాదు. మనం అడగాల్సింది "ఎ పక్కన బి ఉందా" అని కాదు, "మన ఇంటి మాటకు కీ ఉందా" అని.

మన గ్రూపులోనే చూడండి. గోర్‌బోలి మాటలు మనం ఎట్ల రాస్తున్నం? ఇంగ్లీషు అక్షరాల్లో. వై, ఎ, డి, ఐ అని కొడితే అది యాడినా, యాదినా? యాడి అంటే మనకు అమ్మ. యాది అంటే తెలంగాణలో గుర్తు. ఇంట్లో మాట్లాడే నాకు తెలుస్తది. పట్నంల పుట్టి, ఫోన్‌లో చదివి నేర్చుకునే నా అక్క బిడ్డకు ఎట్ల తెలుస్తది? ట కు, త కు ఒకటే కీ. ణ కు, న కు ఒకటే కీ. ళ కు, ల కు ఒకటే కీ. పాణి పోయి పాని అయితది. రాస్తూ రాస్తూనే మన నాలుకను మనమే మొద్దుబారుస్తున్నం.

దీనికి మందు మన దగ్గరే ఉంది. దాని పేరు ఇన్‌స్క్రిప్ట్. 1986లో కేంద్ర ఎలక్ట్రానిక్స్ శాఖ మొదలుపెట్టింది, 1991లో జాతీయ ప్రమాణంలో చేరింది. విండోస్‌లో తెలుగు కీబోర్డు పెట్టుకుంటే వచ్చేది అదే. అందులో కూడా అ ఆ ఇ ఈ వరుసగా ఉండవు. కానీ లెక్క ఉంది. అచ్చులు, గుణింతాలు ఎడమ చేతికి, హల్లులు ఎక్కువగా కుడి చేతికి. కె కొడితే క, షిఫ్ట్ పట్టి కొడితే ఖ. దాని పైన ఐ కొడితే గ, షిఫ్ట్‌తో ఘ. ఎల్ మీద త, థ. దాని పైన ఓ మీద ద, ధ. బడిలో చదివిన వర్గాలే వేళ్ల కిందికి వచ్చాయి. ద కు ఒక కీ, డ కు వేరే కీ. యాడి యాడిగానే ఉంటది.

"డీటీపీ వాళ్ల లెక్క పాత ఫాంట్లు నేర్చుకుంటే చాలదా" అని ఒకన్న అడిగిండు. బ్రతుకుతెరువుకు నేర్చుకోండి, తప్పులేదు. కానీ ఆ ఫాంట్లలో కొట్టింది వేరే ఫోన్‌లో తెరిస్తే పిచ్చి గీతలు అయితయి. తండా పాటలు, గూడెం కథలు దాచిపెట్టాలంటే యూనికోడ్‌లోనే కొట్టాలి.

గోండు తమ్ముళ్లకు ఇంకో మాట. ఆదిలాబాద్ జిల్లా నార్నూర్ మండలం గుంజాలలో రాతప్రతులు దొరికిన మీ లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు వచ్చింది. అంతకు ముందటేడు మసరాం గోండి లిపికి వచ్చింది. అది గెలుపే. కానీ యూనికోడ్‌లో నంబరు ఉంటే చాలదు. ప్రతి పిల్లవాడి ఫోన్‌లో ఆ కీ వేలికి అందాలి, బడిలో దాని మీద నేర్పాలి. ఏ అక్షరం ఎక్కడ ఉండాలో తేల్చే రోజున మనోళ్లు ఆ గదిలో కూర్చుని ఉండాలి. ఒక్కసారి వేళ్లకు అలవాటైన వరుసను మళ్లీ మార్చడం ఎంత కష్టమో ఆ మిల్వాకీ వరుస చూస్తే తెలుస్తలేదా? దాదాపు 150 ఏళ్లయింది, ఇంకా దాని మీదనే కొడుతున్నం.

తమ్ముడికి నిన్న ఫోన్ చేసిన. సోమవారం వస్త అన్నడు. నేనూ పక్క కుర్చీల కూర్చుంట, ఇన్‌స్క్రిప్ట్ నాకూ పూర్తిగా రాదు. మీరు ఒక పని చెయ్యండి. ఈ పోస్టు కింద మీ ఇంట్లో మీ అమ్మ రోజూ అనే ఒక మాట, ఇంగ్లీషు అక్షరాల్లో కాకుండా, రాయండి. గోర్‌బోలి, గోండి, కోయ, కొలామి, ఏదైనా సరే. ఏ అక్షరం కుదరలేదో అది కూడా చెప్పండి. ఆ లిస్టు మనకు పనికొస్తది.