గురువు చెప్పే పని వేరు, గురువు సొంత పని వేరు



ఈసారి మన గోడపత్రికకు గురుశిష్యుల గురించి రాయమన్నారు. చాలామంది గురువు దేవునితో సమానం అని రాస్తారు. అది నిజమే, నేను కాదనను. గురువు లేని విద్య గుడ్డి విద్య అని పెద్దలు ఊరికే అనలేదు. మా ఇంట్ల అమ్మకు, నాయనకు, తాతకు ఎవ్వరికీ సంతకం రాదు. రేషన్ షాపులో కూడా వేలిముద్రే. మా ఇంట్ల మొదట అక్షరం రాసింది నేనే. ఆ అక్షరం నాకు గురువు పెట్టిన భిక్షే. కానీ ఒక ప్రశ్న చాలా రోజుల నుండి నా మనసులో ఉంది. గురువు ఏ పని చెప్పినా శిష్యురాలు చెయ్యాల్నా? దీని మీద నాకు తోచింది రాస్తున్నాను.

మా ఊరు జైనూరు వైపు. మా దగ్గర ఉషేగాంలో ఓజాలు ఉంటారు. ఆసిఫాబాద్ వైపు కేస్లాగూడలో కూడా ఉన్నారు. మన గోండుల దేవతామూర్తులు, గంటలు, గజ్జెలు వాళ్ళు ఇత్తడితో పోస్తారు. దాన్ని డోక్రా పని అంటారు. ఆదిలాబాద్ డోక్రాకు 2018లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. పోయిన సంవత్సరం ఎండాకాలం సెలవుల్లో నేను ఒక ఓజా తాత ఇంటికి పని నేర్చుకోవడానికి పోయిన. నాకు ఏనుగు బొమ్మ చెయ్యాలని ఆశ ఉండె.

మొదటి రోజు తాత నా ముందు మట్టి కుప్ప పోసి, పాత చీర గుడ్డ ఇచ్చి "జల్లించు బిడ్డా" అన్నడు. జల్లించిన. రెండో రోజూ అదే. వారం రోజులు అదే. నా ముక్కులో, జుట్టులో అంతా మట్టి. నాకు కోపం వచ్చింది. "నేను పని నేర్చుకోనీకి వచ్చిన్నా, జీతానికి వచ్చిన్నా" అని మనసులో అనుకున్న. తాతకు ఎదురు చెప్పలేదు గానీ, కోపంలో ఒకరోజు సగం మట్టిని జల్లించకుండానే కలిపేసిన.

ఆ పని ఎట్లా ఉంటదో తెలియని చెల్లెళ్ళకు చెప్తాను. ముందు మట్టితో లోపలి బొమ్మ చేసి ఎండబెడతారు. దాని మీద మైనం దారాలు చుడతారు. ఆ మైనం మీద మెత్తటి మట్టి పూత పూస్తారు. దాని మీద మళ్ళీ ముతక మట్టి. ఒక చిన్న దారి వదిలి కాలుస్తారు. లోపల మైనం కరిగి పోతుంది. మైనం ఉన్న జాగలోకి కరిగిన ఇత్తడి పోస్తారు. చల్లారినంక మట్టి పగలగొడితే బొమ్మ వస్తుంది. మట్టి అచ్చు పగిలిపోతుంది కాబట్టి ఒక్క అచ్చుకు ఒక్కటే బొమ్మ. ఒకదాని లెక్క ఇంకొకటి అచ్చంగా ఉండదు.

నేను కలిపిన మట్టితో పూసిన అచ్చు కొలిమిలో పగిలింది. ఇత్తడి అంతా బయటికి కారిపోయింది. నన్ను కొలిమి దగ్గరికి రానియ్యరు, దూరం నుండే చూసిన. నాకు ఏడుపు వచ్చింది. తాత తిట్టలేదు, కొట్టలేదు. చల్లారినంక ఆ పగిలిన పెంకు నా చేతిలో పెట్టి "చూడు" అన్నడు. చూసిన. పగిలిన కాడ పెసరగింజంత రాయి ఉంది. తాత ఇంకేం మాట్లాడలేదు. తన గుడ్డ తీసుకొని నా పక్కన కూర్చొని మట్టి జల్లించబట్టిండు. అప్పుడు నాకు తెలిసింది. మట్టి జల్లించుడు చాకిరీ కాదు. అదే మొదటి పాఠం.

ఇప్పుడు ఇంకొక సంగతి. నేను చిన్న తరగతుల్లో వేరే చోట చదివినప్పుడు ఒక పెద్దాయన మాతో తన ఇంటికి నీళ్ళు మోయించుకునేవారు. పొద్దున ప్రార్థన అయ్యేసరికి మేము ఇంకా బిందెలతోనే ఉండేవాళ్ళం. "గురుసేవ చేస్తే చదువు వస్తది" అనేవారు. నేను నమ్మిన. కానీ ఆ సంవత్సరం నాకు భాగహారం రాలేదు. బిందె మోసుడు మాత్రం బాగా వచ్చింది. బిందెలో నాకు ఏ పాఠమూ దొరకలేదు. అది గురువు చెప్పే పని కాదు, గురువు సొంత పని.

కొందరు స్నేహితులు "పూర్వం గురుకులాల్లో శిష్యులు కట్టెలు తేలేదా?" అని అడుగుతారు. తెచ్చారు. ఆ కట్టెల పొయ్యి మీద వండింది అందరూ తిన్నారు. మనం కూడా మన డార్మెటరీ ఊడుస్తున్నాం, చెట్లకు నీళ్ళు పోస్తున్నాం, వంతుల ప్రకారం వడ్డిస్తున్నాం. అది మన ఇల్లు, మన పని. అందులో సిగ్గుపడేది లేదు. నేను చెప్పేది దాని గురించి కాదు.

ఏకలవ్యుని కథ మనందరికీ తెలుసు. మన గిరిజన పిల్లల బళ్ళకు ఆయన పేరు పెట్టారు. ద్రోణుడు నేర్పనన్నాడు. ఏకలవ్యుడు మట్టి బొమ్మను పెట్టుకొని నేర్చుకున్నాడు. తర్వాత ద్రోణుడు వచ్చి కుడిచేతి బొటనవేలు అడిగాడు. ఏకలవ్యుడు ఎంత గొప్ప శిష్యుడో అని అందరూ మెచ్చుకుంటారు. నేను మాత్రం ఒకటి అడుగుతాను. ఆ మట్టి బొమ్మ ఏమీ అడగలేదు కదా? మాట్లాడే గురువే ఎందుకు అడిగాడు? విలుకానికి బొటనవేలు పోతే విద్యే పోతుంది. నేర్చుకున్న విద్యనే పోగొట్టేది దక్షిణ ఎట్లా అవుతుంది? మా తాత బొటనవేలు ముద్ర వెయ్యడానికే అయిపోయింది. నా బొటనవేలు పెన్ను పట్టడానికి ఉండాలె.

సోషల్ సార్ అప్రెంటిస్ చట్టం గురించి చెప్పారు. అది 1961లో వచ్చింది. ఫ్యాక్టరీలో పని నేర్చుకునే వాళ్ళకు కనీసం 14 ఏళ్ళు నిండాలె. వాళ్ళకు స్టైపెండ్ ఇవ్వాలె, పని నేర్పాలె. అంటే నేర్చుకునే వాళ్ళు జీతం లేని కూలోళ్ళు కారని చట్టం కూడా ఒప్పుకున్నట్టే కదా.

మార్లవాయి కనకరాజు గారు ఎంతోమంది పిల్లలకు గుస్సాడీ నేర్పారు. 2021లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన చనిపోయారు. కానీ ఆయన నేర్పిన అడుగులు ఇప్పటికీ దండారీలో పడుతున్నాయి. నేను అనుకునే గురుదక్షిణ అది. నేర్చుకున్నది ఇంకొకరికి నేర్పుడే.

ఇంతదాకా వేరేవాళ్ళ తప్పు రాసిన. ఇప్పుడు నా తప్పు రాస్తాను. మన హాస్టల్లో పెద్ద తరగతుల అక్కలం చిన్నవాళ్ళకు లెక్కలు చెప్తాం. దానికి బదులు వాళ్ళతో బకెట్ నింపించుకుంటాం, ప్లేట్లు కడిగించుకుంటాం, బట్టలు పిండించుకుంటాం. నేను కూడా ఆరో తరగతి చెల్లెతో రోజూ నా బకెట్ నింపించుకున్న. ఎక్కాలు చెప్తున్నా కదా అనుకున్న. పోయిన నెల యూనిట్ టెస్టులో ఆమెకు లెక్కల్లో తక్కువ మార్కులు వచ్చాయి. "ఎందుకే?" అని గట్టిగా అడిగిన. "అక్కా, పొద్దున స్టడీ అవర్‌ల నేను నల్లా కాడ లైన్‌ల ఉంటున్న కదా" అన్నది. నాకు నోట మాట రాలేదు. నేను ఆ ద్రోణుని లెక్కనే చేసిన. ఒక చేత్తో ఎక్కాలు ఇచ్చి ఇంకో చేత్తో ఆమె చదువుకునే టైం తీసుకున్న.

అందుకని నా అభిప్రాయం ఇది. ఎవరైనా మనకు పని చెప్తే మూడు చూసుకోవాలె. ఆ పనిలో పాఠం ఉన్నదా? చెప్పిన వాళ్ళు కూడా మన పక్కన కూర్చొని ఆ పని చేస్తారా? ఆ పని వల్ల మన చదువు పోతున్నదా? ఓజా తాత చెప్పిన పనిలో పాఠం ఉంది, తాత నా పక్కన కూర్చున్నాడు. నా బకెట్‌లో ఆ రెండూ లేవు.

నేను ఈ సోమవారం నుండి నా బకెట్ నేనే నింపుకుంటున్నాను. ఎక్కాలు మాత్రం చెప్తూనే ఉన్నాను. ఆ చెల్లె నన్ను మన్నించాలె. నా తోటి తొమ్మిది, పది తరగతుల వాళ్ళు నా మీద కోపం చేసుకోవద్దు. మీరు కూడా ఒకసారి ఆలోచించండి. వార్డెన్ మేడంకు నా విన్నపం ఏమిటంటే, స్టడీ అవర్‌లో చిన్నవాళ్ళను ఎవ్వరూ పనికి పంపొద్దని నోటీసు బోర్డు మీద రాయించగలరు.

ఓజా తాత నాకు ఇంకా ఏనుగు బొమ్మ చెయ్యనియ్యలేదు. మైనం దారం సన్నగా తియ్యడం దాకా వచ్చిన. వచ్చే సెలవుల్లో మళ్ళీ పోతాను. ముందు మట్టే జల్లిస్తాను.

తప్పులుంటే మన్నించగలరు.

ఇట్లు
తొమ్మిదో తరగతి విద్యార్థిని