పావుతులము గుండు

చిలకలూరిపేట ప్రాంతమునుండి ఒక సోదరి వ్రాసిన లేఖ యీ నెల మా బల్లమీద నున్నది. ఆమెకు ఒక్కతే కుమార్తె. గుంటూరులో డిగ్రీ చదువుచు ఎన్‌.సి.సి.లో చేరినది. రాబోవు శిబిరమున తుపాకి పేల్చుట నేర్పుదురట. అందులకు తల్లిదండ్రుల సమ్మతిపత్రము కావలెనని కాగిత మొకటి యింటికి వచ్చినది. భర్తగారు "నీ యిష్ట" మని ఊరకున్నారు. అత్తగారు మాత్రము "తుపాకి పట్టిన పిల్లకు సంబంధము లెవరు తెత్తురే?" యని పట్టుపట్టి కూర్చున్నారు. పిల్ల యేమో "పోయినయేడు పేల్చిన అక్కలందరు మరల నెప్పుడా యని యెదురుచూచుచున్నారమ్మా" యని గడపలో నిలుచున్నది. సంతకము చేయవచ్చునా యనియు, ఆడుపిల్లలకు తుపాకి పేల్చుటలో అంత సంతోష మేమున్నదనియు సోదరి మమ్ము రెండు ప్రశ్న లడిగినారు. రెండవదానికి సమాధానము దొరకినచో మొదటిది తేలిక యగును గనుక దానినే ముందు చూతము.

తుపాకి యనిన భయపడుట మనకు కొత్తగాదు, తప్పును గాదు. పుల్లరి చెల్లించమన్న పల్నాటి కన్నెగంటి హనుమంతు 1922లో పోలీసుల తుపాకులకు బలియైన కథ వినుచు పెరిగిన సీమ మనది. మన పెద్దలకు తుపాకి యనగా సర్కారు చేతిలోనిది, కాకున్న సినిమాలో దుర్మార్గుని చేతిలోనిది. మరియొక తీరు తుపాకి గలదని వారికి చెప్పినవారు లేరు.

శిబిరమున బాలికల కిచ్చునది చిన్న తుపాకి. దీనిని పాయింట్ టూ టూ రైఫిలందురు. అంగుళమును నూరుభాగములు చేసిన అందు 22 భాగముల వెడల్పు గల గుండు దీనిలో పట్టునని యర్థము. ఆ గుండు సుమారు 2.6 గ్రాములు తూగును, అనగా పావుతులమునకు కొంచెము తక్కువ. పూర్వము సిపాయిలు మోసిన పాయింట్ త్రీ నాట్ త్రీ రైఫిలు గుండు ఇంచుమించు తులము. ఈ రెంటికిని గల భేదము బరువులో మాత్రమే లేదు. చిన్న తూటా అడుగున ఇత్తడి పళ్లెపుటంచువలె ఒక సన్నని మడత యుండును. నిప్పు పుట్టించు మందు ఆ మడతలోపల చుట్టును పూయబడి యుండును. తుపాకిలోని ములుకు వచ్చి ఆ యంచును నొక్కగానే మందంటుకొని గుండు వెడలును. అందుచేతనే దీనికి రిమ్‌ఫైర్ అని పేరు. అంచు నలుగవలెనన్న ఇత్తడి పలుచగా నుండవలయును. పలుచని ఇత్తడి యెక్కువ మందు యొక్క వేడిమికిని ఒత్తిడికిని ఓర్వలేదు. కావుననే ఈ జాతి తూటాలు చిన్నవిగానే మిగిలిపోయినవి. ఒకమారు పేలిన తూటా మరల నింపుటకు పనికిరాదు. పెద్ద తూటాల డొల్లలనైన మరల నింపుకొనువారు గలరు గాని, దీని యంచు నలిగిన పిదప ఇత్తడిపాటి విలువయే.

ఫ్రాన్సు దేశమున ఫ్లోబేర్ అను తుపాకుల పనివాడు 1845 ప్రాంతమున ఈ చిన్న తూటాకు మొదటి రూప మిచ్చినాడు. దానితో అచ్చటివారు ఇంటి హాలులోనే అతిథులతో గూడి గురిచూచు వినోదము సాగించెడివారట. మన యిండ్లలో అటువంటి వినోదమునకు చోటును లేదు, ఉండవలసినదియు గాదు. నేడు వాడుకలో నున్న లాంగ్ రైఫిల్ అను తూటా 1887లో అమెరికాలో పుట్టినది. ఆ దేశపు పల్లెలలో తండ్రులు పిల్లలకు మొదట నేర్పునది దీనితోనే. ఖాళీ డబ్బాలను వరుసగా నిలిపి కొట్టింతురు. ఇనుపరేకు తగిలి 'ఠంగు' మన్నప్పుడు పిల్లవాని మొగము చూడవలెనని వ్రాసినవారు పెక్కురు గలరు.

ఇక సంతోషము మాట. మేమును ఒకప్పుడు ఎన్‌.సి.సి. బాలికలమే. మొదటిసారి గోనెపట్టాపై బోర్ల పండి, మడమను భుజమున కానించి, మీటపై వ్రేలుంచినప్పుడు మా గుండె కొట్టుకొనిన చప్పుడు ప్రక్కవారికి వినబడునేమో యనుకొంటిమి. ఎదుట 25 గజముల దూరమున కాగితము. నేర్పు హవల్దారుగారు "ఊపిరి సగము విడిచి ఆపండమ్మా. మీటను లాగకండి, నిమ్మపండు పిండినట్లు మెల్లగా నొక్కండి" అని చెప్పుచునే యున్నారు. మేము కన్నులు గట్టిగా మూసికొని లాగితిమి. ఐదు తూటాలు నయిపోయిన పిదప కాగితములు తెచ్చి చూడగా మాదానిపై మూడే రంధ్రములు. ప్రక్కనున్న అమ్మాయి కాగితమునకు ఏడు. ఐదు తూటాలతో ఏడు రంధ్రములు చేసిన ఆ పిల్లను చూచి హవల్దారుగారు నవ్వు నాపుకొనలేకపోయినారు.

కాని ఆనాడు మాకొక సంగతి తెలిసినది. మేము కన్ను మూసికొనినది తుపాకికి వెరచి మాత్రమే. భుజమునకు తగిలిన దెబ్బ తలగడ తగిలినంతయు లేదు. తాలింపులో ఆవాలు చిటపటలాడునని తెలిసినవారు ముందే మొగము ప్రక్కకు త్రిప్పుకొందురు గదా. పెద్ద రైఫిలు పట్టువారి దేహమును అట్లే నేర్చుకొనును. మ్రోతయు దెబ్బయు రానున్నవని యెరిగి, మీట నొక్కు క్షణముననే కన్ను మూతపడును, భుజము ముడుచుకొనును, గురి తప్పును. ఈ జబ్బు ఒకమారు పట్టినదా, వదలుట కష్టము. చిన్న తుపాకి వెనుకకు తన్ను తన్ను పెద్దదానికంటె మిక్కిలి తక్కువ. కనుక దేహము భయము నేర్చుకొనుటకు ముందే కన్ను, ఊపిరి, వ్రేలు తమ పని నేర్చుకొనును. రెండవనాడు మాకు మరల ఐదు తూటా లిచ్చిరి. కన్నులు తెరచియే యుంచితిమి. ఐదును మా కాగితముమీదనే పడినవి.

గురి చూచువారు ఈ చిన్నదానిని విడువలేకపోవుటకు కారణ మిదియే. దెబ్బ లేదు, మ్రోత తక్కువ, తూటా పెద్దవానికంటె చవుక. నూరుమారులు పేల్చినను భుజము కందదు. తప్పు జరిగినచో తుపాకి తన్నినదని నింద వేయుటకు వీలులేదు. తప్పు మనదే. అది కాగితముపై వెంటనే కానవచ్చును, మరుతూటాతోనే దిద్దుకొనవచ్చును. మన పనులలో ఎన్నిటి ఫలిత మింత త్వరగా తెలియును? పచ్చడి నిలువయున్నదో లేదో తెలియుటకు నెల పట్టును. పిల్లల పెంపకమునకు ఇరువది యేండ్లు.

ఇంకొక విశేషము గలదు. ఐదు రంధ్రములును నడిమి చుక్కకు దూరముగ, కాగితము మూలన పడినను, ఒక్కచోటనే గుంపుగ పడినచో ఆ పిల్ల బాగుగ పేల్చినట్లే లెక్క. సైటు సవరించిన చాలు, ఆ గుంపే చుక్కమీదికి వచ్చును. ఒకటి సరిగ చుక్కకు తగిలి తక్కిన నాలుగును చెదరినచో అది అదృష్టమే గాని నేర్పు గాదు. అందుచే శిబిరములలో మొదట చూచునది గుంపు యొక్క బిగువునే. ఈ లెక్క మాకు మిక్కిలి నచ్చినది.

ఈ చిన్న తూటాతోనే ప్రపంచపు పెద్ద పోటీలును జరుగుచున్నవి. 50 మీటర్ల రైఫిలు పోటీలో నడిమి పదిగుర్తు వలయము వెడల్పు 10.4 మిల్లీమీటర్లు, నొసట బొట్టంత. 1976లో మాంట్రియల్ ఒలింపిక్సులో ఈ పోటీయందు స్త్రీపురుషులు కలిసియే పాల్గొనిరి. అమెరికా దేశస్థురాలు మార్గరెట్ మర్డాక్, ఆమె దేశమువాడే యగు లానీ బాషమ్, ఇరువురకును 1162 గుర్తులు వచ్చినవి. సమానమైనచో తేల్చు నియమము ననుసరించి బంగారు పతకము బాషమున కిచ్చిరి. జాతీయగీతము మ్రోగునప్పుడు ఆయన ఆమెను చేయి పట్టి తన మెట్టుమీదికే తెచ్చుకొని ప్రక్కన నిలుపుకొన్నాడు. ఒలింపిక్సులో గురికి పతకము పొందిన మొదటి స్త్రీ ఆమెయే.

అంత దూరమేల? హైదరాబాదు బాలిక ఈషా సింగ్ 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడలలో 25 మీటర్ల పిస్తోలు పోటీయందు జట్టుతో బంగారమును, తానొక్కతెగా వెండిని గెలుచుకొన్నది. అప్పటి కామెకు పదునెనిమిదేండ్లు. ఆ పోటీ రెండవభాగమున గుర్తు ఏడు సెకండ్లు మరుగుపడి మూడు సెకండ్లు మాత్రమే కానవచ్చును. దించియున్న చేతిని ఎత్తి, చూచి, ఒక్కమారు పేల్చి మరల దింపవలయును. తుపాకి గట్టిగా తన్నునదైన ఇది సాగునా? మన గుంటూరువాడే యగు నేలవల్లి ముఖేష్ 2024లో పెరూ దేశమున లిమాలో జరిగిన జూనియర్ ప్రపంచ పోటీలలో 25 మీటర్ల పిస్తోలునందు బంగారము తెచ్చినాడు. అత్తగారికి ఈ మాట తప్పక చెప్పవలెను. మనవరాలికి పతకము వచ్చునని గాదు, మన యూరి పిల్లలు పట్టుకొనునది దొంగపని కాదని తెలియుటకు.

ఇంతవరకు మెచ్చుకొని, చిన్నదే గదా యని తేలికగ మాట్లాడిన మేము దోషుల మగుదుము. పావుతులము గుండు మనిషి ప్రాణమును తీయగలదు. గురి తప్పినచో ఒక మైలునకు మించి పోగలదు. మన నల్లరేగడి నేలలో నడ్డము వచ్చుటకు కొండ యేది? పత్తి తీయువారు, మిరపకోతకు వంగినవారు ఆ మైలులోపల ఎందరుందురో తలచుకొనినచో చాలును. అందుచేతనే ఎత్తైన మట్టికట్ట గల రేంజిలో తప్ప దీనిని పేల్పరాదు. 1959 నాటి ఆయుధచట్టము ప్రకారము లైసెన్సు లేక తుపాకి యుంచుకొనుట నేరము. ఇరువదియొక్క యేండ్లు నిండనివారికి లైసెన్సే యీయరు. ఎన్‌.సి.సి. పిల్లలు శిక్షణలో పట్టుకొనుటకు మాత్రము చట్టమే వెసులుబాటు నిచ్చినది. పూర్వము పొలములలో పావురములను, కుందేళ్లను ఈ చిన్న తుపాకితో కొట్టిన పెద్దమనుష్యులు మన గ్రామములలో నుండెడివారు. 1972లో వన్యప్రాణి సంరక్షణచట్టము వచ్చిన తరువాత ఆ ముచ్చట చెల్లదు. చెల్లకపోవుటయే మంచిది.

ఇక సోదరికి మా సమాధానము. సంతకము చేయుడు. కాని చేయుటకు ముందు కళాశాలలో ఎన్‌.సి.సి. చూచు అధ్యాపకురాలిని కలిసి కొన్ని మాట లడుగుడు. పేల్చునప్పుడు ఒక్కొక్క బాలిక ప్రక్కను నేర్పువారొకరు నిలుతురా? ఇచ్చిన తూటాలను, పేలిన డొల్లలను లెక్కపెట్టి మరల తీసికొందురా? చెవులకు బిరడా లిత్తురా? చిన్న మ్రోతయే యైనను చెవిప్రక్కనే పదిమంది పేల్చినచో వినికిడికి మంచిది గాదు. వీనికి సూటిగ జవాబు రానిచో సంతకము నాపుటయే మేలు. పిల్ల అలిగినను సరియే.

అమ్మాయితో చెప్పవలసిన మాట యొకటి గలదు. ఆ గుండు సీసముతో చేసినది, అంచుమందులోను సాధారణముగ సీసమే యుండును. ఆ పొడి చేతుల కంటును. పేల్చి వచ్చినవెంటనే సబ్బుతో చేతులు, మొగము కడుగుకొననిదే టిఫిను ముట్టరాదు. మిరపకాయల తొడిమలు తీసిన చేతితో కన్ను తుడుచుకొనరాదని మన యింట పిల్లలకు వేరుగ చెప్పనక్కరలేదు, మంటయే చెప్పును. సీసము మండదు గనుక మనమే చెప్పవలసివచ్చును. పేలిన డొల్ల అందముగ నున్నదని జేబులో వేసికొని తేరాదు. కాగిత మిచ్చినచో తెచ్చుకొనవచ్చును.

ఆ కాగితమును నాయనమ్మగారి యెదుట పరచి, ఐదు రంధ్రము లెక్కడ పడినవో వారినే లెక్కపెట్టుమనవలెను. ఏడు లెక్కకు వచ్చినచో మాకు తప్పక వ్రాయుడు.